పాతకాలపు ఇంగ్లండు చాకులు: సేకరణ, గుర్తింపు

ఇంగ్లండులో, ముఖ్యంగా ఆ దేశపు ఉత్తర ప్రాంతంలోని షెఫీల్డు నగరంలో, పద్దెనిమిదో శతాబ్ది నుంచి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం వరకు తయారైన మడత చాకులను, కలం చాకులను, మంగలి కత్తులను, పండ్ల చాకులను, సైనికుల చాకులను సేకరించి, వాటిని చేసినవారిని, చేసిన కాలాన్ని, అసలు నకిలీ భేదాన్ని నిర్ణయించడం పాత వస్తువుల అధ్యయనంలో ఒక శాఖ. నాణేలకు, తపాలా బిళ్లలకు ఉన్నంత ప్రచారం తెలుగునాట దీనికి లేదు. అయినా నాణెం మీది టంకశాల గుర్తు ఎంత సమాచారం ఇస్తుందో, ఇంగ్లండు చాకులో అలుగు పిడిలోకి దిగే చోట ఉండే వేలిగోరంత ముద్ర కూడా అంత సమాచారం ఇస్తుంది. హైదరాబాదు–విజయవాడ దారి మీది సూర్యాపేట, కోదాడలను, కృష్ణానది వైపున్న మిర్యాలగూడను దృష్టిలో పెట్టుకొని చూస్తే ఈ విషయానికి రెండు ముఖాలు కనబడతాయి. ఇంగ్లండు సరుకు ఈ ప్రాంతానికి ఏ దారుల్లో వచ్చిందన్నది ఒకటి, తెలంగాణ ఉక్కు ఇంగ్లండు కత్తులవారి బల్ల మీదికి ఎలా చేరిందన్నది రెండోది.

వాడుకలో చాకు అంటే జేబులో పట్టే మడత కత్తి. కత్తి అంటే దానికన్నా పెద్దది, పిడికి కదలకుండా బిగించినది. కోసే రేకుకు నిఘంటువులు ఇచ్చే పేరు అలుగు. చెరువు అలుగు పారడం చూసిన నల్లగొండ వారికి ఆ మాట వేరే అర్థంలో ముందుగా తోస్తుంది గాని, కత్తి విషయంలో ఇంత పొట్టి మాట మరొకటి లేదు. పదునుగల అంచు వాదర, పిడిలో దాగే కొన తోక. వాదరకూ తోకకూ నడుమ పదును పెట్టకుండా చదునుగా వదిలిన భాగాన్ని మెడ అనుకోవచ్చు. ముద్ర వేసేది ఈ మెడ మీదనే కాబట్టి, పరిశీలకుడి చూపు మొదట పడవలసింది మెరిసే అలుగు మీద కాదు, దాని మెడ మీద.

సరుకు వచ్చిన దారులు

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో వర్తక స్థావరం పెట్టింది. ఆ రేవు నుంచి గోలకొండకు, తరువాత హైదరాబాదుకు సాగిన పాత వర్తక మార్గానికి వారసురాలే నేటి 65వ నంబరు జాతీయ రహదారి. సూర్యాపేట, కోదాడ దాని మీదనే ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఇంగ్లండు సరుకుకు పెద్ద గిరాకీ కలిగించినది 1806లో ఏర్పడిన సికింద్రాబాదు కంటోన్మెంటు. సైనికాధికారుల భోజనపు బల్లల మీది కత్తులు, గడ్డం గీసుకునే కత్తులు, పటాలాల చాకులు మొదట అక్కడికి చేరి, వాడుక తీరాక అంగళ్లకు, నౌకర్ల చేతులకు, పల్లెలకు జారడం వింత కాదు. హైదరాబాదును బెజవాడతో కలిపిన రైలుమార్గం 1889లో పూర్తయినా అది వరంగల్లు, ఖమ్మం వైపుగా పోయింది గనుక సూర్యాపేట, కోదాడలకు సరుకు చేరడానికి బండిబాటే ఆధారమైంది.

ఈ రెండు పట్టణాల నడుమనున్న మునగాల పరగణా కథ మరీ విచిత్రమైనది. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీగా, బ్రిటిషు ఇండియా దీవిలాగా ఉండేది. నిజాం రాజ్యానికి కరోడ్‌గిరీ అనే సొంత సుంకాల శాఖ ఉండేది. మద్రాసు వైపు నుంచి వచ్చే సరుకు సరిహద్దు దాటితే సుంకం కట్టవలసి వచ్చేది. మునగాలలో ఆ శాఖ అధికారం చెల్లేది కాదు. కాబట్టి ఈ తావున దొరికే ఇంగ్లండు వస్తువును చూసినప్పుడు అది హైదరాబాదు బజారు నుంచి తూర్పుకు వచ్చిందా, జగ్గయ్యపేట వైపు నుంచి పడమరకు వచ్చిందా అని అడగడం అర్థమున్న ప్రశ్నే.

వాడకం దృష్ట్యా ఈ ప్రాంతంలో ఇంగ్లండు చాకులకు రెండు తావులుండేవి. ఒకటి కచేరి. కలం మొనను చెక్కే చిన్న చాకును ఉర్దూలో కలంతరాష్ అంటారు. రెల్లు కలంతో, తరువాత పెన్సిలుతో రాసిన ఉద్యోగులకు అది తప్పనిసరి పనిముట్టు. ఇంగ్లీషులో పెన్‌నైఫ్ అన్న పేరు కూడా పక్షి ఈక కలాన్ని చెక్కే పని నుంచి పుట్టినదే. రెండోది మంగలి అడపం, అంటే క్షురకుడు తన సామగ్రి పెట్టుకొనే సంచి. సగం బ్లేడు బిగించే కత్తులు వచ్చేదాకా అడపంలో ప్రధానమైన సాధనం మడత మంగలి కత్తి. షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ ఆ సరుకుకు ప్రపంచమంతటా పేరు మోసిన ఊళ్లు. పొలం పనిలో, కల్లుగీతలో మాత్రం ఇంగ్లండు కత్తికి చోటు దొరకలేదు. మోకు, ముస్తాదులతో తాడెక్కే గీత కార్మికుడి కత్తి ఊరి కమ్మరి కొలిమిలో తయారైనదే. ఇటీవలి కాలంలో లారీ కమాను పట్టీని కాచి సాగదీసి చేసినదే. దాని మీద ముద్ర ఉండదు, చేసిన చెయ్యి ఎవరిదో వాడేవాడికి తెలుసు గనుక ముద్ర అక్కరలేదు.

తెలంగాణ ఉక్కు, ఇంగ్లండు కొలిమి

ఇంగ్లీషువారు వూట్జ్ అని రాసిన మాట దక్షిణాది ఉక్కు అనే మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం. నేటి నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఆ ఉక్కు తయారీకి ప్రసిద్ధి పొందిన ఊరు. అక్కడి మూసల మట్టిలో వరి ఊక కలిపేవారు; మంటకు ఊక కాలి నల్లని బొగ్గు పొరగా మిగిలి మూసకు తీవ్రమైన వేడిని తట్టుకొనే శక్తినిచ్చేది. మిల్లుల దగ్గర కొండలుగా పడి ఉండే ఊకను రోజూ చూసే మిర్యాలగూడ వారికి ఈ వివరం దగ్గరగా తోస్తుంది. గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన హెన్రీ వెస్లీ వోయిసీ కోనసముద్రం కొలుములను స్వయంగా చూసి రాసిన వర్ణన, ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపి కరిగించేవారని, ఈ ఉక్కు కోసం పారసీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారని ఆ వర్ణన వల్ల తెలుస్తుంది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ అంతటా ఇలాంటి పాత కొలుముల చిట్టెపు దిబ్బలను సర్వే చేశాయి.

ఇంగ్లండులో మూస ఉక్కు పుట్టుక వేరు. డాంకాస్టరు గడియారాల తయారీదారు బెంజమిన్ హంట్స్‌మన్, గడియారపు స్ప్రింగులకు ఏకరీతి ఉక్కు దొరకక, 1740 ప్రాంతంలో మూసలో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతిని సాధించాడు. షెఫీల్డు కత్తులకు తరువాతి కాలంలో వచ్చిన పేరుకు ఆ పద్ధతి పునాది. పాత అలుగుల మీద కనబడే కాస్ట్ స్టీల్ అనే మాటకు అర్థం ఈ మూస ఉక్కు అనే గాని, నేటి ఫౌండ్రీల్లోని పోత ఇనుము కాదు. ఇక బొంబాయి నుంచి హెలినస్ స్కాట్ అనే వైద్యుడు లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు 1794లో పంపిన వూట్జ్ ముద్దలు అక్కడి పరిశోధకులను కదిలించాయి. లండన్ కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ దానితో శస్త్రవైద్యుల పరికరాలు చేసి, ఐరోపా ఉక్కు కన్నా ఇది మేలని తన అంగడి చీటీ మీదనే అచ్చు వేయించుకున్నాడు. అతనితో కలిసి పనిచేసిన మైకేల్ ఫారడే 1819లో వూట్జ్‌ను విశ్లేషించి దాని గొప్పతనానికి అల్యూమినియం కారణమని భావించాడు. అది పొరబాటు, కారణం ఎక్కువ పాళ్లలోని కర్బనం, నెమ్మదిగా చల్లార్చే పద్ధతి. కాని ఆ ప్రయోగాల నుంచే ఉక్కు 500 పాళ్లకు వెండి ఒక పాలు కలిపిన మిశ్రమం పుట్టి, షెఫీల్డు మంగలి కత్తుల మీద సిల్వర్ స్టీల్ అనే ముద్రగా చాలాకాలం నిలిచింది. ఆ ముద్ర ఉన్న కత్తుల్లో చాలావాటిలో వెండి జాడ కూడా ఉండదు. పేరు మాత్రం అమ్మకానికి పనికొచ్చింది.

ముద్రలు చదివే పద్ధతి

షెఫీల్డు పరిసరాలకు హాలంషైర్ అని పేరు. అక్కడి కత్తుల తయారీదారుల సంఘం 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడి, ప్రతి పనివాడికీ ఒక గుర్తు కేటాయించి, దాన్ని పుస్తకంలో నమోదు చేసింది. లండన్‌లోని కత్తులవారి సంఘానికి 1416 నుంచి రాజశాసనం ఉంది. వారి సరుకు మీద తయారీదారు గుర్తు పక్కన చిన్న బాకు గుర్తు కూడా ఉంటుంది. నమోదైన గుర్తు ఆస్తి వంటిది, అమ్మవచ్చు, వారసులకు ఇవ్వవచ్చు. అందువల్ల ఒకే గుర్తు రెండు శతాబ్దాల్లో మూడు చేతులు మారి ఉండవచ్చు, గుర్తు ఒక్కటే చూసి కాలం చెప్పడం తొందరపాటు. ఉదాహరణకు జోసెఫ్ రాడ్జర్స్ సంస్థ వాడిన నక్షత్రం, మాల్టా శిలువ గుర్తు 1682లోనే వేరొకరికి నమోదై, 1764లో రాడ్జర్స్ కుటుంబానికి దక్కింది. జార్జి వోస్టెన్‌హోమ్ సంస్థ వాడిన ఐ ఎక్స్ ఎల్ అనే అక్షరాలు కూడా 1787లో మరొకరి పేర పుట్టినవే. ఆ అక్షరాలను వరుసగా పలికితే తామే మేటి అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో చేసిన చమత్కారం అది.

కాలనిర్ణయానికి గుర్తు కన్నా దాని పక్కన ఉండే చిన్న మాటలు ఎక్కువ సాయపడతాయి. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే అది విక్టోరియా రాణి కాలం, అంటే 1837 నుంచి 1901 లోపు. డబ్ల్యు, ఆర్ ఉంటే నాలుగో విలియం పాలించిన 1830–1837 మధ్య కాలం, అరుదు. జి, ఆర్ ఉన్న చాకు దగ్గరే చాలామంది సేకర్తలు దెబ్బ తింటారు, ఎందుకంటే 1830కి ముందరి జార్జి రాజులకూ, 1910 తరువాతి అయిదో, ఆరో జార్జిలకూ అవే అక్షరాలు. పందొమ్మిదో శతాబ్ది ఆరంభపు చాకు అని ఉబ్బిపోయి కొన్నది ఒక్కొక్కసారి రెండో ప్రపంచ యుద్ధ కాలపు సరుకుగా తేలుతుంది. దిగుమతి వస్తువు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం 1891 నుంచి అమలులోకి రావడంతో, ఇంగ్లండు అన్న మాట ముద్రల్లో మామూలైంది. ఆ చట్టం అమెరికాకు పోయే సరుకుకే వర్తించినా, తయారీదారులు ఒకే ముద్రను అన్ని దేశాల సరుకుకూ వాడుకున్నారు. మేడ్ ఇన్ ఇంగ్లండ్ అని పూర్తిగా ఉంటే సాధారణంగా అది ఇరవయ్యో శతాబ్దిది. ఆ మూడు మాటలను చూసి చాకు పాతదని మురిసిపోవడం వాడుకలో ఉంది గాని, నిజానికి అది చాకు వయసును తగ్గించే సాక్ష్యం. స్టెయిన్‌లెస్ అనే మాట మరింత కచ్చితమైన హద్దు. తుప్పు పట్టని ఉక్కును హ్యారీ బ్రియర్లీ షెఫీల్డులో రూపొందించినది 1913లో గనుక, ఆ మాట ఉన్న అలుగు అంతకు ముందుది కాజాలదు.

సైన్యం చాకులకు వేరే లిపి ఉంది. బాణపు మొనలాంటి గీత బ్రిటిషు ప్రభుత్వ ఆస్తికి గుర్తు. దాని కింద ఐ అక్షరం ఉంటే అది భారత ప్రభుత్వపు నిల్వకు చెందినదని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం నాటి మడత చాకుల మీద తయారీ సంవత్సరం కూడా తరచు ఉంటుంది, కాబట్టి కొత్త సేకర్తకు కాలనిర్ణయం నేర్పడానికి ఇంతకన్నా సులువైన చాకులు లేవు.

వెండి అలుగు ఉన్న పండ్ల చాకును చదవడం కంసాలి పనికి దగ్గర. పండు పులుపు ఇనుమును నల్లబరుస్తుంది కాబట్టి సంపన్నులు వెండి అలుగు వాడేవారు. నడిచే సింహం గుర్తు వెండి స్వచ్ఛతకు, కిరీటం షెఫీల్డు పరీక్షాలయానికి, లంగరు బర్మింగ్‌హామ్ పరీక్షాలయానికి, ఒక అక్షరం సంవత్సరానికి గుర్తులు. ఆ రెండు పరీక్షాలయాలు 1773లో ఏర్పడ్డాయి. రాజు లేదా రాణి తల బొమ్మ సుంకం కట్టినట్టు తెలుపుతుంది, అది 1784 నుంచి 1890 వరకే ఉంది. ఈ నాలుగయిదు గుర్తులు చెరిగిపోకుండా ఉంటే చాకు పుట్టిన ఊరు, సంవత్సరం రెండూ చెప్పవచ్చు. ఉక్కు చాకు విషయంలో ఇంత కచ్చితత్వం ఎన్నడూ దొరకదు. పండ్ల చాకు విలాస వస్తువన్న మాటకు హైదరాబాదులోనే మంచి సాక్ష్యం ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలోని నూర్జహాన్ పండ్ల చాకు ఇంగ్లండుది కాకపోయినా, రత్నాలు పొదిగిన ఆ చిన్న వస్తువు పక్కన షెఫీల్డు వెండి చాకు నిరాడంబరంగానే కనిపిస్తుంది.

పిడి, పనితనం, నకిలీ

పిడి పలకలకు వాడిన పదార్థం రెండో సాక్షి. భారతదేశపు కణుజు కొమ్ము, గేదె కొమ్ము ఓడల్లో షెఫీల్డుకు పోయి, చాకు పిడులై, వాటిలో కొన్ని తిరిగి ఇక్కడికే వచ్చాయి. ఏనుగు దంతమైతే అడ్డుకోతలో సన్నని గీతలు ఒకదాన్నొకటి వల మాదిరిగా దాటుతాయి. ఎముక అయితే నల్లని సూదిపోట్ల వంటి చుక్కలు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్ది చివరి భాగంలో దంతానికి బదులుగా వచ్చిన సెల్యులాయిడ్‌ను బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వస్తుంది, అందులో కర్పూరం కలుస్తుంది గనుక. సెల్యులాయిడ్ పిడి కాలక్రమంలో కుళ్లి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఒక పెట్టెలో అలాంటి చాకు ఒక్కటి ఉన్నా పక్కవాటి అలుగులు తుప్పు పడతాయి.

మంగలి కత్తుల వయసు ఆకారమే చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్ది కత్తులకు పిడి బయటికి పొడుచుకు వచ్చే తోక దాదాపు ఉండదు. పందొమ్మిదో శతాబ్దిలో వేలితో నొక్కి తెరిచేందుకు వంపు తిరిగిన తోక పొడుగైంది. పాత అలుగు అడ్డుకోతలో వెన్ను దగ్గర లావుగా, వాదర దగ్గర సన్నగా, బరువుగా ఉంటే, తరువాతి దానికి రెండు పక్కలా లోతుగా సాన పట్టి పలుచన చేశారు. దశాబ్దాల తరబడి సాన తిన్న కత్తి అలుగు సగం వెడల్పుకు తగ్గి ఉంటుంది. అది లోపంగా లెక్కకు వచ్చినా, ఆ కత్తి నిజంగా అడపంలో బతికిందనడానికి అదే రుజువు.

నకిలీలు నిన్న మొన్నటివి కావు. జర్మనీలో కొందరు తమ చాకుల మీద షెఫీల్డు పేరు కొట్టి అమ్మడం వల్ల కలిగిన రగడ, తప్పుడు సరుకు గుర్తులను శిక్షించే 1887 నాటి బ్రిటిషు చట్టానికి ఒక కారణం. రాడ్జర్స్ పేరులో ఒక్క అక్షరం తగ్గించి కొట్టిన ముద్రలు కూడా సేకర్తలకు సుపరిచితమే. పాత ముద్ర ఉక్కు ఎర్రగా ఉన్నప్పుడు సుత్తి దెబ్బతో దిగినది, కనుక అక్షరాల అంచులు కొంచెం ఉబ్బి, లోతు అక్కడక్కడ ఎగుడుదిగుడుగా ఉంటుంది. యంత్రంతో గీసిన కొత్త అక్షరం లోతు అంతటా సమానం. మేకులు బయటికి నునుపుగా అరిగి, పలకలతో సమానంగా ఉండాలి. మెరిసే కొత్త మేకు పిడి మార్చారనడానికి గుర్తు. పాత అలుగుకు కొత్త పిడి వేసిన చాకును నకిలీ అనడం న్యాయం కాదు గాని, అసలుదన్న ధర పెట్టడం తెలివితక్కువ.

శుభ్రం చేయడం, చట్టం

ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతోనో నిమ్మచెక్కతోనో చాకును తోమడం ఇంటింటా చేసే తప్పు. పాత ఉక్కు మీద ఏర్పడిన బూడిద నలుపు పొర తుప్పు కాదు, తుప్పును ఆపే కవచం. దాన్ని ఆమ్లంతో తీసేస్తే వయసు చెప్పే సాక్ష్యం పోవడమే గాక వానాకాలంలో ఎర్ర తుప్పు వెంటనే అందుకుంటుంది. సాన చక్రం ఇంకా ప్రమాదకరం, మెడ మీది ముద్రను క్షణంలో తినేస్తుంది. పలుచని యంత్రపు నూనె, మెత్తని గుడ్డ, తోలు ఒరలో కాకుండా విడిగా కాగితంలో ఉంచడం చాలు. తోలులోని ఆమ్లం కూడా ఉక్కుకు పడదు.

ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు గల కత్తులు ఆయుధాల తరగతిలోకి వస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల అవసరాలకు చేసినవి రావు. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో ఆ తరగతికి లైసెన్సు కావాలి. జేబు చాకులు, మంగలి కత్తులు చాలావరకు ఈ కొలతల లోపలివే. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. దంతపు పిడుల వ్యాపారాన్ని, కణుజు కొమ్ము పిడుల వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం కట్టడి చేస్తుంది. పిడి దంతమని తేలితే కొనకుండా ఉండటమే క్షేమం.

పాత ఇనుము దుకాణంలో చాకును కిలోల లెక్కన తూస్తారు, సాన పట్టేవాడు వాదరనే చూస్తాడు. పాత ఇంటి అలమారలో, మంగలి అడపంలో, అధికారిగా పనిచేసిన తాతగారి పెట్టెలో ఇలాంటి చాకు కనబడితే, దాన్ని తోమకముందే, సానకు ఇవ్వకముందే, మెడను, దాని మీది ముద్ర కనబడేలా, రెండు వైపులా ఫొటోలు తీయాలి. ఫొటోలో అక్షరాలు తేలకపోతే పలుచని కాగితం పరిచి పెన్సిలు రుద్దాలి.